బుదల్ రాయని పద్యం

మంగళవారం రాత్రి, కాండీ, శ్రీలంక

పిల్లలు పడుకున్నారో లేదో తెలియదు కానీ గదుల తలుపులైతే మూసుకున్నాయి. పై అంతస్తులో ఎవరో ఇంకా నవ్వుతున్నారు. మెట్లెక్కి వెళ్లి గద్దించే ఓపిక లేదు. ఈ రోజుకు మెట్లతో నా లెక్క తీరిపోయింది. ప్రతి రాత్రి ఒక పేజీ డైరీ రాయాలని 34 మంది పిల్లలకూ నియమం పెట్టింది నేనే. మొదటి మూడు రోజులూ నేను మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నిన్న ఒక అమ్మాయి "మీ డైరీ చూపించండి టీచర్" అని అడిగేసరికి సిగ్గు వేసింది. అందుకే ఈ పేజీ.

ఉదయం ఏడింటికల్లా సిగిరియా గేటు దగ్గర ఉన్నాం. ఎండ ముదిరాక రాయి పెనంలా కాలుతుందని గైడు నిన్ననే చెప్పాడు. చుట్టూ చదునైన అడవి, మధ్యలో ఏ కొండకూ సంబంధం లేనట్టు నిటారుగా లేచిన ఒకే ఒక్క రాయి, దాదాపు 180 మీటర్ల ఎత్తు. బస్సులోంచి కనిపించినప్పుడు కేకలు పెట్టిన పిల్లలే కింద నిలబడి తలెత్తి చూసి మాట మానేశారు. "దాని మీదికా?" అని మాత్రం ఒక గొంతు వినిపించింది.

రాతి కంటే ముందు తోటలు వస్తాయి. కుడివైపు ఏముందో ఎడమవైపూ అదే ఉండేలా తవ్విన కొలనులు, నడుమ బాట. ఒక చోట నేల మీద సున్నపురాతి పలకలు పరిచి ఉన్నాయి, వాటికి జల్లెడలా చిల్లులు. అవి ఫౌంటెన్లని, నేల కింద కాలువల్లో నీటి ఒత్తిడి పెరిగితే వానాకాలంలో ఇప్పటికీ చిమ్ముతాయని గైడు చెప్పాడు. అయిదో శతాబ్దపు ఏర్పాటు ఇది. ఈ రోజు అవి పొడిగానే ఉన్నా నలుగురు పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో చిల్లులోకి తొంగి చూశారు. పాఠ్యపుస్తకంలో నీటిపారుదల పాఠం చెప్పినప్పుడు ఆ నలుగురిలో ఒక్కరైనా తల ఎత్తి నా వైపు చూసిన గుర్తు లేదు.

ఇక్కడ ఏలిన కశ్యపుడనే రాజు కథ బస్సులోనే చెప్పేశాను. తండ్రి ధాతుసేనుడిని చంపించి సింహాసనం ఎక్కాడు, తమ్ముడు మొగ్గల్లానుడు భారతదేశానికి పారిపోయాడు, ఆ తమ్ముడు తిరిగొస్తాడనే భయంతో ఇక్కడ కోట కట్టుకున్నాడు. నాకు ఈ కథలో కశ్యపుడి కంటే తండ్రే ఇష్టం. దాచిన ధనం ఎక్కడుందో చూపించమని కొడుకు పట్టుబడితే, ఆయన తాను తవ్వించిన కలావెవ చెరువు దగ్గరికి తీసుకెళ్లి, దోసిట్లో నీళ్లు తీసుకుని, తనకున్న సంపదంతా ఇదేనన్నాడట. శ్రీలంక రాజుల పాత చరిత్ర గ్రంథం చూళవంశం చెప్పే మాట ఇది. పద్దెనిమిదేళ్ల తర్వాత తమ్ముడు సైన్యంతో రానే వచ్చాడు. కశ్యపుడు కిందికి దిగి యుద్ధం చేశాడు. అతడి ఏనుగు బురదనేల చూసి పక్కకు తిరిగితే, రాజు వెనక్కి తగ్గాడనుకుని సైన్యం చెదిరిపోయింది. అతడు కత్తితో తన గొంతు తానే కోసుకున్నాడు.

"అంత ఎత్తున కోట కట్టుకున్నవాడు కిందికి ఎందుకు దిగాడు టీచర్?" అని వెనక సీట్లోంచి ప్రశ్న. గైడు పగలబడి నవ్వాడు. అసలు ఇది కోటే కాదు, మొదటి నుంచీ బౌద్ధ విహారమే అనే పరిశోధకులు కూడా ఉన్నారని చెప్పి నేను తప్పించుకున్నాను.

ఎక్కే దారిలో కందిరీగల గురించి హెచ్చరిక బోర్డులు ఉన్నాయి, శబ్దం చేయవద్దని. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నేను సాధించలేని నిశ్శబ్దాన్ని కంటికి కూడా కనిపించని ఆ కందిరీగలు సాధించాయి. పెద్దాపిల్లా అందరూ పిల్లి అడుగులు వేశారు. తిరిగి వెళ్లాక అలాంటి బోర్డు ఒకటి తరగతి గదిలో పెట్టించాలి.

ఇనుప చుట్టుమెట్లు ఎక్కితే చిత్రాలున్న గుహ. అక్కడ ఫొటోలు తీయకూడదు కాబట్టి ఫోన్లన్నీ సంచుల్లో పెట్టించాను. చేతులు ఏం చేసుకోవాలో తెలియక చాలామంది వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. ఒకప్పుడు రాతి పొడవునా వందల బొమ్మలు ఉండేవంటారు. ఇప్పుడు మిగిలినవి ఇరవై చిల్లర. మేఘాల్లోంచి నడుము దాకా బయటికి వచ్చిన స్త్రీలు, వేళ్ల మధ్య పూలు. ఆ వేళ్ల వంపు దగ్గర నా కళ్లు చాలాసేపు ఆగిపోయాయి. 1967లో ఎవరో ఈ బొమ్మల మీద రంగు పులిమి పాడు చేశారని గైడు చెబితే, పిల్లల ముఖాల్లో నిజమైన కోపం కనిపించింది.

ఆ కోపం పది నిమిషాలు కూడా నిలవలేదు. కిందికి దిగితే అద్దపు గోడ. ఒకప్పుడు ముఖం కనిపించేంతగా మెరుగు పెట్టిన గోడట. ఇప్పుడది పాత ఇత్తడి పళ్లెం రంగులో ఉంది. మా వాడొకడు పెన్ను జేబులోంచి తీశాడు. రాయడానికి కాదు, చూపించడానికేనని తర్వాత ప్రమాణం చేశాడు. కాపలా మనిషి ఈల వేశాడు, నా గుండె ఆగినంత పనైంది. 2015లో ఈ గోడ మీద పేరు గీసిన ఒక యువతికి రెండేళ్ల జైలుశిక్ష పడింది, ఆ తర్వాత దేశాధ్యక్షుడు క్షమాభిక్ష పెడితే బయటికి వచ్చింది. ఆ సంగతి అక్కడికక్కడే అందరికీ చెప్పాను. పెన్ను నా సంచిలోకి చేరింది. ఇంకా అక్కడే ఉంది, రేపు గుర్తుగా ఇవ్వాలి.

తమాషా ఏమిటంటే ఆ గోడకు అంత విలువ వచ్చిందే దాని మీద గీసినవాళ్ల వల్ల. కశ్యపుడు పోయాక మూడు నాలుగు వందల ఏళ్లకు, ముఖ్యంగా ఎనిమిది నుంచి పదో శతాబ్దం దాకా, శిథిలాలు చూడటానికి వచ్చినవాళ్లు ఆ చిత్రాల్లోని స్త్రీల మీద పద్యాలు గోటితో గీసినంత సన్నగా చెక్కి పోయారు. సెనరత్ పరణవితాన అనే పురావస్తు పండితుడు వాటిలో 685 పద్యాలు చదివి 1956లో అచ్చు వేయించాడు. అంటే వీళ్లు రాజులు కారు, కవులు కానక్కర్లేదు, మా లాంటి యాత్రికులే. అలసిపోయి, చెమటలు కక్కుతూ, ఊరికే చూడటానికి వచ్చినవాళ్లు.

వాళ్లలో ఒకడి రాత గురించి గైడు చెప్పాడు: నేను బుదల్‌ని. వందల మందితో కలిసి సిగిరియా చూడటానికి వచ్చాను. మిగతావాళ్లందరూ పద్యాలు రాశారు కాబట్టి నేను రాయలేదు.

పిల్లలు నవ్వారు. కిటికీ పక్క సీటు వదలని మా అబ్బాయి ఒకడున్నాడు, వాడు మాత్రం నవ్వలేదు. "ఇంకోసారి చెప్పండి" అని గైడును అడిగాడు. మూడు రోజులుగా డైరీలో తేదీ తప్ప ఏమీ రాయనిది వీడే.

సింహపాదాల దగ్గరికి వచ్చేసరికి నా మోకాళ్లు ఇక చాలన్నాయి. మోకాళ్లని రాస్తున్నాను కానీ అసలు కారణం అది కాదు. రాతికి అంటించినట్టున్న ఆ ఇనుప మెట్లు, వాటి పక్కన గాలి తప్ప ఏమీ లేకపోవడం. "మీరు వెళ్లండి, నేను సంచులు చూసుకుంటాను" అన్నాను మిగతా ఇద్దరు టీచర్లతో. పిల్లలు చీమల బారులా పైకి కదిలారు. కిటికీ సీటు అబ్బాయి కదల్లేదు.

"నువ్వు వెళ్లవేమిరా?"

"మీకు సంచులకు తోడు ఉంటాను."

ఇద్దరం ఒకరి భయం ఒకరికి తెలియనట్టు నటించాం. ఒకప్పుడు ఇక్కడ ఇటుకతో కట్టిన పెద్ద సింహం ఉండేది, దాని నోట్లోంచే పైకి దారి. సింహగిరి అనే పేరు అలాగే వచ్చింది. ఇప్పుడు పాదాలు రెండే మిగిలాయి, ఒక్కో గోరు వాడి నడుము కంటే ఎత్తు. వాడు ఒక పాదం దగ్గరికి వెళ్లి గోళ్లు లెక్కపెట్టాడు, రెండో పాదం దగ్గరికి వెళ్లి మళ్లీ లెక్కపెట్టాడు.

డైరీ ఎందుకు రాయడం లేదని అప్పుడు అడిగాను.

"అందరూ ఒకటే రాస్తారు టీచర్. పొద్దున్నే లేచాం, బస్సెక్కాం, చూశాం, చాలా బాగుంది."

కాదనలేకపోయాను. మూడు రాత్రులుగా ఆ పేజీలన్నీ దిద్దుతున్నది నేనే. "చాలా బాగుంది" కింద ఎర్రగీత గీసి గీసి రీఫిల్ సగం అయింది.

గంట తర్వాత దిగివచ్చినవాళ్లు పైన ఏముందో చెప్పారు. ఒకడికి రాతిలో తొలిచిన పెద్ద చెరువు కనిపించింది. ఇంకొకరికి ఇటుక పునాదులు తప్ప ఏమీ కనిపించలేదు. ఒక అమ్మాయి గాలి గురించే చెప్పింది, జడ ఊడిపోయేంత గాలట.

మధ్యాహ్నం బస్సులో అందరూ నిద్ర. మేలుకుని ఉన్నది డ్రైవరు, నేను. బయట చెరువులు, ఎండిన పొదలు వెనకబడి, మాతలే దాటేసరికి దారి మెలికలు తిరగడం మొదలైంది, పచ్చదనం చిక్కబడింది. కిటికీ అద్దం చల్లగా తగిలింది.

కాండీలో బుద్ధుడి దంతాన్ని పేటికలో ఉంచిన దంతధాతు ఆలయం చూశాం. చూశాం అనడం కంటే జనంలో కొట్టుకుపోయాం అనాలి. డోలు మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు, దూరం నుంచి పేటిక తళుక్కుమంది, అంతలో బయట ఉన్నాం. కాసేపు ఊపిరి పీల్చుకున్నది చెరువు గట్టు మీదే. వరిపొలాలకు అడ్డుకట్ట వేయించి 1807లో ఈ చెరువు కట్టించింది కాండీ చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహ. మదురై నుంచి వచ్చిన, తెలుగు మూలాలున్న నాయక వంశం ఆయనది. ఆ మాట వినగానే పిల్లలు నిటారుగా కూర్చున్నారు, ఏదో చుట్టం బయటపడ్డట్టు. ఆయన సర్దారులే ఇంగ్లీషువాళ్లతో 1815 మార్చి 2న ఒప్పందం చేసుకుని రాజ్యం అప్పగించారు, ఆయనను వేలూరు కోటలో ఉంచితే 1832లో అక్కడే పోయారు అని చెప్పేసరికి మళ్లీ నీరసపడ్డారు.

భోజనాలయ్యాక డైరీలు వసూలు చేశాను. కిటికీ సీటు అబ్బాయి పుస్తకం అన్నిటికంటే అడుగున ఉంది. తేదీ కింద ఇలా ఉంది:

"నేను 33 మందితో కలిసి సిగిరియా చూడటానికి వచ్చాను. వాళ్లందరూ డైరీ రాశారు కాబట్టి నేను రాయలేదు. సింహానికి ఒక్కో పాదానికి మూడు గోళ్లు కనిపిస్తాయి. టీచర్ కూడా పైకి ఎక్కలేదు."

ఆ ఆఖరి వాక్యం మీద ఎర్రపెన్ను చాలాసేపు ఆగింది. చివరికి పక్కన టిక్కు పెట్టాను. పై అంతస్తులో నవ్వు ఇంకా ఆగలేదు.