కాకినాడ బియ్యానికి రాత్రి కావలి

మన పాఠశాల ప్రహరీ అవతల వరి చేలు, రోడ్డుకు ఆ పక్క బియ్యం మిల్లు ఉండేవని ఈ సంచిక చదివేవారికి నేను గుర్తు చేయనక్కరలేదు. ఉప్పుడు బియ్యం కోసం వడ్లు ఉడికించే రోజుల్లో ఆ ఆవిరి వాసన తరగతి గదుల దాకా వచ్చేది. మన ఇళ్లలో ఎవరూ వండని ఆ బియ్యం ఎక్కడికి పోతుందని అడిగితే, కాకినాడ రేవుకు పోతుందని, అక్కడినుంచి ఓడెక్కుతుందని పెద్దలు చెప్పేవారు. అంతకుమించి వారికీ తెలియదు. సరుకు ఓడలో సెకండ్ ఆఫీసరుగా పనిచేస్తున్నందువల్ల ఆ మిగిలిన కథ నాకు దగ్గరగా తెలుసు. అందుకే నౌకా జీవితం గురించి రాయమని సంపాదకవర్గం కోరినప్పుడు, తిరిగిన దేశాల పేర్లు వల్లించడం కన్నా, మన గోదావరి బియ్యం కాకినాడ నుంచి పశ్చిమ ఆఫ్రికాలోని బెనిన్ దేశపు కొటోనూ రేవుకు చేరేవరకు ఓడ మీద ఏం పని జరుగుతుందో రాయడమే మంచిదనిపించింది.

ఈ బియ్యం మోసే ఓడలు ఎక్కువగా సుప్రామాక్స్ తరగతికి చెందినవి. సుమారు 190 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పు, సరుకు నింపే హోల్డులు ఐదు, వాటి మధ్య ఓడకు సొంతమైన క్రేన్లు నాలుగు ఉంటాయి. అంత ఓడను నడిపేది ఇరవై మందికి కాస్త అటూ ఇటూ మనుషులే. కెప్టెన్ కింద డెక్కు వైపు ముగ్గురు ఆఫీసర్లం ఉంటాము. సరుకు, ఓడ నిలకడ, డెక్కు పనులు చీఫ్ ఆఫీసరువి. ప్రాణరక్షణ పడవలు, మంటలార్పే పరికరాలు థర్డ్ ఆఫీసరు చూస్తాడు. ప్రయాణ మార్గం గీయడం, పటాలను వారం వారం వచ్చే సవరణలతో సరిచేయడం, ఓడను నడిపే గది అయిన బ్రిడ్జి మీది పరికరాల సంరక్షణ సెకండ్ ఆఫీసరు బాధ్యత. చాలా ఓడల్లో మందుల గది తాళం కూడా మా దగ్గరే ఉంటుంది. ఇంజను వైపు వారి ప్రపంచం వేరు. దాని గురించి ఇంజనీరైన మన పూర్వ విద్యార్థి ఎవరైనా రాస్తే బాగుంటుంది.

కాకినాడలో ఈ బియ్యం చాలావరకు లంగరు రేవులోనే ఎక్కుతుంది. హోప్ ఐలాండ్ అలల తాకిడిని కొంత ఆపుతుంది కాబట్టి ఓడ తీరానికి దూరంగా లంగరు వేసుకుని నిలబడితే, బార్జీలనే చదును పడవలు బస్తాలతో పక్కకు వచ్చి ఆనుకుంటాయి. కూలీలు బస్తాలను స్లింగుల్లో, అంటే తాళ్ల ఉచ్చుల్లో, పేర్చి కడితే మా క్రేన్లు వాటిని ఎత్తి హోల్డులో దింపుతాయి. లోపల మరో ముఠా వాటిని వరుసలుగా పేరుస్తుంది. బస్తా ఇనుముకు తగలకూడదు. అందుకని హోల్డు అడుగున, పక్కల వెదురు, చాపలు, దళసరి కాగితం పరిచిన తరువాతే మొదటి వరుస మొదలవుతుంది. నలభై వేల టన్నుల ఓడ నిండడమంటే యాభై కిలోల బస్తాలు ఎనిమిది లక్షలు చేతుల మీదుగా దిగాలి. ఆకాశంలో మబ్బు కనిపిస్తే పని ఆపి హోల్డుల పై మూతలైన హాచ్ కవర్లు మూసేస్తాము. వాన వెలిశాక డెక్కు మీది నీరంతా ఊడ్చి గాని మళ్లీ తెరవము. ఆ రోజుల్లో నా కళ్లు పటాల మీద కన్నా బార్జీల్లోని బస్తాల మీదే ఎక్కువగా ఉంటాయి. తడిసినది, చిరిగినది, మరక పడినది కనిపిస్తే వెనక్కి పంపించి చిట్టాలో రాయాలి. ఒక్క తడి బస్తా నెల రోజులు మూసిన గదిలో ఉంటే చుట్టూ ఉన్న బస్తాలన్నిటికీ బూజు పడుతుంది.

హోల్డులు నిండిన తరువాత పురుగు పట్టకుండా పొగ వేస్తారు. అల్యూమినియం ఫాస్ఫైడ్ నుంచి వచ్చే ఫాస్ఫీన్ వాయువు పురుగుతో పాటు మనిషినీ చంపగలది. హాచ్ కవర్ల అంచులు, గాలి గొట్టాలు అన్నీ బిగించి, ప్రయాణంలోని మొదటి రోజుల్లో ఇళ్లలాంటి మా గదుల దగ్గర, ఇంజను గదిలో వాయువును కొలిచే పరికరంతో క్రమం తప్పకుండా పరీక్షిస్తాము. గడువు పూర్తయి, గాలి శుభ్రపడిందని తేలేదాకా ఆ వైపు ఎవరూ వెళ్లకూడదు.

లంగరు ఎత్తాక నా వాచ్, అంటే కాపలా వంతు, మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు, మళ్లీ అర్ధరాత్రి పన్నెండు నుంచి తెల్లవారుజామున నాలుగు వరకు ఉంటుంది. పన్నెండుకు పది పదిహేను నిమిషాల ముందే బ్రిడ్జి ఎక్కాలి. వెలుతురులోంచి వచ్చిన కళ్లకు చీకటి అలవాటు పడేదాకా బాధ్యత తీసుకోకూడదన్నది ఈ వృత్తిలో గట్టి నియమం. బ్రిడ్జి మీద దీపాలుండవు. పటాల బల్ల చుట్టూ తెర ఉంటుంది, పరికరాల తెరలన్నీ మసకగా తగ్గించి ఉంటాయి. థర్డ్ ఆఫీసరు ఓడ ఉన్న చోటు, దిశ, వేగం, చుట్టూ కనిపిస్తున్న ఓడలు ఒక్కొక్కటీ చెప్పి అప్పగిస్తాడు. కెప్టెన్ రాత్రికి రాసి పెట్టిన ఆదేశాలు చదివి సంతకం చేస్తాను. ఆ తరువాత నాలుగు గంటలు నేను, నాతో పాటు చూపు కాసే ఒక కళాసీ. కింద మిగిలిన వారందరూ మా ఇద్దరినీ నమ్మి నిద్రపోతుంటారు. అన్ని వాచ్‌లు చేసినా ఈ సంగతి నాకు మామూలు కాలేదు. అవడం నాకు ఇష్టమూ లేదు.

చీకట్లో ఎదుటి ఓడ దీపాలుగానే కనిపిస్తుంది. ఎర్ర దీపం కనిపిస్తే దాని ఎడమ పక్క, ఆకుపచ్చ కనిపిస్తే కుడి పక్క మన వైపు ఉన్నట్టు. దిక్సూచిలో దాని దిశ చూసి, కొన్ని నిమిషాల తరువాత మళ్లీ చూస్తాము. దిశ మారుతుంటే అది మనల్ని దాటిపోతుంది. దిశ మారకుండా దూరం మాత్రం తగ్గుతుంటే రెండు ఓడలూ ఒకే చోటికి వస్తున్నట్టు. దారులు అడ్డంగా కలిసేటప్పుడు అవతలి ఓడ మన కుడి వైపు ఉంటే తప్పుకోవలసింది మనమే. ఓడలు ఢీకొనకుండా చేసిన 1972 నాటి అంతర్జాతీయ నిబంధనలు దీన్ని చక్కగా చెప్పాయి. రాడార్ లెక్క కట్టి చెబుతుంది నిజమే గాని, ఆ నిబంధనలు మొదట అడిగేది కళ్లతో, చెవులతో కాపలా కాయమనే.

ఈ కాపలా అన్నిటికన్నా కష్టమయ్యేది మన తీరంలోనే. కాకినాడ, ఉప్పాడ వైపు రాత్రి వేటకు వచ్చే చిన్న బోట్లు చాలా వాటికి తమ ఉనికిని ప్రసారం చేసే పరికరం ఉండదు. కాస్త అల రేగితే రాడార్‌లో ఆ చిన్న బోటు అలల గుర్తుల్లో కలిసిపోతుంది. నల్లటి నీటి మీద అకస్మాత్తుగా ఒక టార్చిలైటు మన వైపు ఊగుతుంది. వల వేసి ఉంది, ఇటు రావద్దని దాని అర్థం. నలభై వేల టన్నుల సరుకుతో పోతున్న ఓడను అక్కడికక్కడ ఆపలేము. అందువల్ల ఆ వెలుగు కనిపించే దూరంలోనే చుక్కాని తిప్పి వల కొసకు కూడా ఎడంగా పోవాలి. ఆ బోటులో ఉన్నవాళ్లు మన జిల్లా మనుషులని, ఆ వల వారి బతుకుదెరువని తెలిసినవాడిగా నేను ఆ నీళ్లలో కళాసీకి తోడు రెండో మనిషిని కూడా చూపు కాయడానికి పెట్టమని అడుగుతాను.

శ్రీలంక దక్షిణాన డోండ్రా హెడ్ దాటాక దారి నైరుతికి తిరిగి, మడగాస్కర్‌కు దక్షిణంగా హిందూ మహాసముద్రాన్ని అడ్డంగా కోస్తూ పోతుంది. కాకినాడలో 17 డిగ్రీల ఎత్తున కనిపించిన ధ్రువ నక్షత్రం రోజురోజుకూ దిగజారి, భూమధ్యరేఖ దగ్గర దిగంతంలో కలిసిపోతుంది. ఓడలో గడియారాలను కూడా విడతలు విడతలుగా వెనక్కి జరుపుకుంటూ పోతాము. మనకూ బెనిన్‌కూ నాలుగున్నర గంటల తేడా. ఒక గంట జరిపే రాత్రి ఆ అదనపు గంట ఒక్కరి మీదే పడకుండా ముగ్గురు ఆఫీసర్లం తలా ఇరవై నిమిషాలు పంచుకుంటాము.

ఇక బియ్యం సంగతి. బియ్యం ఓడ ఎక్కిన తరువాత కూడా తేమను వదులుతూ, పీల్చుకుంటూ ఉంటుంది. వేడి ఊళ్లో నింపిన హోల్డులో గాలి వెచ్చగా, తేమగా ఉంటుంది. ఓడ దక్షిణానికి పోయేకొద్దీ సముద్రం చల్లబడి ఓడ ఇనుము కూడా చల్లబడుతుంది. అప్పుడు అన్నం గిన్నె మూత లోపలి వైపు నీళ్లు పట్టినట్టు హాచ్ కవరు కింద, పక్క గోడల మీద నీరు పట్టి బస్తాల మీదికి కారుతుంది. దీనికి విరుగుడు గాలి ఆడించడమే గాని ఎప్పుడు పడితే అప్పుడు ఆడించకూడదు. బ్రిడ్జి పక్కకు రెక్కలా చాచి ఉండే వసారాలో ఒక చెక్క పెట్టెలో రెండు థర్మామీటర్లు ఉంటాయి. ఒకదాని బుడ్డికి తడి గుడ్డ చుట్టి ఉంటుంది. టార్చి వెలుగును చేతితో కప్పుకుని రెండూ చదివి, ఆ తేడా నుంచి బయటి గాలిలో తేమ ఎంతో కట్టాలి. బియ్యం ఎక్కించినప్పటి ఉష్ణోగ్రత కన్నా బయటి గాలి కనీసం 3 డిగ్రీలు చల్లగా ఉంటే గాలి గొట్టాలు తెరవవచ్చునన్నది తేలికైన సూత్రం. లేకపోతే మూసి ఉంచాలి. చల్లటి బస్తాల మీదికి వెచ్చటి తేమ గాలిని వదిలితే బియ్యమే చెమరుస్తుంది. ప్రతి వాచ్‌లోనూ ఏ హోల్డు తెరిచాము, ఎందుకు తెరిచాము, ఎప్పుడు మూశాము అన్నది రాసి సంతకం చేయాలి. తెరవలేకపోతే ఆ కారణమూ రాయాలి. కొటోనూలో ఒక బస్తా తడిసి బయటపడితే అక్కడ సరుకును పరీక్షించే సర్వేయరు మొదట అడిగేది ఆ పుస్తకమే.

ఈ పని పరీక్షకు నిలిచేది దక్షిణాఫ్రికా తీరంలో. ఖండపు అంచు వెంబడి అగుల్హాస్ ప్రవాహం నైరుతికి బలంగా పారుతుంది. దానితో కలిసి పోతే వేగం, ఇంధనం కలిసివస్తాయి. అయితే శీతకాలంలో, అంటే మన జూన్, జూలై నెలల్లో, నైరుతి నుంచి తుఫాను గాలి ఆ ప్రవాహానికి ఎదురు వీచినప్పుడు పటంలో 200 మీటర్ల లోతును చూపే గీత చుట్టుపక్కల అలలు అసాధారణమైన ఎత్తుకు లేస్తాయి. ఓడ ముందు భాగం ఒక్కసారిగా గోతిలోకి దిగినట్టు దిగుతుంది. అందువల్ల మార్గం గీసేటప్పుడే రెండు దారులు సిద్ధం చేసి, వాతావరణ సూచన చెడ్డగా ఉంటే తీరానికి దగ్గరగా, లోతు తక్కువ వైపు జరిగే దారిని కెప్టెన్‌కు చూపిస్తాను. 2023 చివర నుంచి ఎర్ర సముద్రంలో దాడుల వల్ల ఎన్నో ఓడలు ఈ దారికి మళ్లడంతో ఇక్కడ రద్దీ కూడా పెరిగింది.

ఆ రాత్రుల్లో నీరు డెక్కు మీదుగా పొర్లుతుంటే గాలి గొట్టాలు తెరవడానికి వీలుండదు. సరిగ్గా అప్పుడే సముద్రం చల్లబడి లోపల నీరు పట్టే సమయం. తెరిస్తే ఉప్పు నీరు, మూస్తే చెమట. అలల వరుస మధ్య కాస్త నెమ్మది కనిపించగానే చీఫ్ ఆఫీసరును లేపి, గాలి నేరుగా తగలని వైపు గొట్టాలు మాత్రమే తెరిపించి, మళ్లీ ముసురు కమ్మకముందే మూయించుకుంటాము. నిద్ర చెడిందని విసుక్కున్న చీఫ్ ఆఫీసరును నేను ఇంతవరకు చూడలేదు. తాను తిననిది, తనది కానిది, ఎవరు తింటారో ఎరగనిది అయిన ఆ గింజ కోసం మనుషులు అంత చలిలో డెక్కు మీదికి వెళ్లడం నాకు ఈ వృత్తి మీద గౌరవాన్ని పెంచింది.

పగటి వాచ్ మొదలయ్యేది నడినెత్తి సూర్యుడితో. సెక్స్టెంటుతో సూర్యుడి ఎత్తు కొలిచి అక్షాంశం కడతాను. ఉపగ్రహం చెప్పిన చోటుతో అది పోలుతుందా అని చూస్తాను. కొన్ని సముద్రాల్లో ఉపగ్రహ సంకేతాలను చెడగొడుతున్న ఈ రోజుల్లో ఇది తీరిక పని కాదు. పదో తరగతిలో లెక్కల మాస్టారు దీపస్తంభం, నిమ్న కోణం లెక్క బల్ల మీద వేసి, వచ్చిన జవాబును మరో పద్ధతిలో సరిచూసేదాకా మమ్మల్ని కూర్చోనిచ్చేవారు కాదు. పటం మీద ఎత్తు రాసి ఉన్న దీపస్తంభం కనిపిస్తే దాని కోణం కొలిచి దూరం కట్టడానికి నేను వాడేది అదే టాంజెంటు. ఒకే ఆధారాన్ని నమ్మవద్దన్న ఆయన పట్టుదల నాకు జీతం తెచ్చిపెడుతున్న విద్య అయింది. ఈ మాట ఆయనకు చేరాలని ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మిగిలిన దినచర్య త్వరగా చెప్పవచ్చు. ఏ ఇరవై నాలుగు గంటల్లోనైనా కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ నియమం. నా నిద్ర ఉదయం ఒక ముక్క, సాయంత్రం ఒక ముక్క. ఆదివారం బిరియాని భారతీయ సిబ్బంది ఉన్న ఓడల్లో తప్పని ఆచారం. ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చాక ఇంటితో మాట్లాడుతున్నాము గాని, ఇంట్లో జరిగే మంచికీ చెడుకూ చేరలేకపోవడం మాత్రం తగ్గలేదు.

దక్షిణాఫ్రికాలోని గుడ్ హోప్ కేప్ దాటి ఉత్తరానికి తిరిగి గినియా సింధుశాఖ చేరితే కాపలా మరో రకంగా మారుతుంది. 2020లో ఒక్క ఆ ప్రాంతంలోనే 130 మంది నావికులను సముద్రపు దొంగలు ఎత్తుకుపోయారు. తరువాత దాడులు బాగా తగ్గాయి. అయినా ఓడ చుట్టూ ముళ్ల తీగ కడతాము, లోపలి నుంచి గడియ వేసుకునే రక్షణ గదిలో నీళ్లు, తిండి, రేడియో సిద్ధం చేస్తాము. రేవులో ఓడను కట్టే చోటు, అంటే బెర్తు, దొరికేదాకా తీరం దగ్గర లంగరు వేయకుండా ఎంతో దూరాన సముద్రంలో తేలుతూ వేచి ఉంటాము.

కొటోనూలో బెర్తు దొరికిన రోజు ఉదయం మొదటి హాచ్ కవరు తెరుస్తున్నప్పుడు వాచ్ లేని వారు కూడా డెక్కు మీదికి వస్తారు. పై వరుస మీది కాగితం తీసి, బస్తాను అరచేత్తో తడిమి, మూల మూలకూ వెళ్లి చూస్తాము. పొడిగా ఉంటే చీఫ్ ఆఫీసరు ముఖంలో నెల రోజుల బరువు దిగిపోతుంది. అక్కడి కూలీలు ఫ్రెంచిలో, వారి భాషల్లో కేకలు వేసుకుంటూ స్లింగులు కడతారు. బస్తాల మీద మన వైపు ఊళ్ల పేర్లు అచ్చు వేసి ఉండడం చూసి, అది మా ఇంటి దగ్గరి ఊరని వారిలో ఒక పెద్దాయనకు చెప్పాను. తమ ఇంట్లో పిల్లలకు ఈ బియ్యమే ఇష్టమని ఆయన నవ్వుతూ చెప్పి, నా భుజం తట్టి పనిలోకి వెళ్లాడు.

ఈ వృత్తిలోకి రాదలచిన మన పాఠశాల పిల్లలకు రెండు మాటలు. ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి, భారత సముద్ర విశ్వవిద్యాలయం నిర్వహించే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ విశ్వవిద్యాలయానికి విశాఖపట్నంలోనూ ప్రాంగణం ఉంది. ఎరుపు, ఆకుపచ్చ దీపాలను తేడా పట్టలేని కళ్లకు డెక్కు ఆఫీసరు ఉద్యోగం ఇవ్వరు కాబట్టి ఫీజు కట్టకముందే రంగుల చూపు పరీక్ష చేయించుకోవాలి. ఓడలో ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే దళారీలను దగ్గరికి రానివ్వకండి. నావికుడి దగ్గర ఉద్యోగానికి రుసుము వసూలు చేయడం అంతర్జాతీయ నిబంధనలకే విరుద్ధం. సంస్థకు, నియామక ఏజెన్సీకి షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ అనుమతి ఉందో లేదో ఆ కార్యాలయం వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఇంకా ఏదైనా అడగదలచినవారు ప్రధానోపాధ్యాయుల ద్వారా రాస్తే, ఓడలో ఉన్నా, సెలవులో ఉన్నా నేను జవాబు ఇస్తాను.