ఐఏఆర్ 80 మోడల్: పదో వారం

పది వారాలకు 1/72 స్కేల్ ఐఏఆర్ 80 ఒక రూపానికి వచ్చింది. అసలు విమానం రెక్కలు ఈ చివర నుంచి ఆ చివరకు సుమారు పదిన్నర మీటర్లు. నా బల్ల మీద అది 14.6 సెంటీమీటర్లు. ఇది రెండో ప్రపంచ యుద్ధంలో రుమేనియా సొంతంగా గీసుకుని, బ్రషోవ్‌లోని ఐఏఆర్ ఫ్యాక్టరీలో తయారుచేసుకున్న ఫైటర్. ప్రోటోటైప్ 1939 ఏప్రిల్ 12న మొదటిసారి ఎగిరింది. ఆ తర్వాత 4,000 మీటర్ల ఎత్తులో గంటకు 510 కిలోమీటర్ల వేగం అందుకుంది. అప్పటికి అది మంచి వేగమే.

ముందు బాడీ సంగతి. రెండు సగాలనూ లిక్విడ్ సిమెంట్‌తో (పలుచటి ప్లాస్టిక్ జిగురు) అతికించి ఒక రోజు వదిలేశాను. పైన అతుకు దగ్గర సన్నని పల్లం కనిపించింది. పుట్టీ పెట్టి, 400 నంబరు నీటి కాగితంతో మొదలుపెట్టి 1000 వరకు రుద్దాను. కాక్‌పిట్ వెనక భాగం దాదాపుగా పోలండ్ వాళ్ల పీజెడ్ఎల్ పీ.24 నుంచి తీసుకున్నదే. ఆ విమానాన్ని ఐఏఆర్ అంతకుముందే లైసెన్సు మీద తయారుచేస్తుండేది కాబట్టి, చేతికి అలవాటైన భాగాన్ని అలాగే వాడుకుంది. తోక కింద ఆసరా కడ్డీలు, చక్రం బదులు నేలకు రాసుకునే స్కిడ్ పాత కాలానివి. ముందు భాగం చూస్తే నున్నగా, కొత్తగా ఉంటుంది. పక్కనుంచి చూస్తే రెండు కాలాలు ఒకే బాడీలో కనిపిస్తాయి. ఈ విమానం మీద నాకు ఇష్టం కలిగింది అక్కడే.

ఇంజిన్ ఫ్రాన్స్ నోమ్-రోన్ డిజైన్ నుంచి వచ్చిన కె14. రెండు వరసల్లో 14 సిలిండర్లు. నల్లరంగు వేసి, ఆరాక పొడి బ్రష్‌తో వెండిరంగు తాకించాను. అరగంట పని.

గన్ల దగ్గర మాత్రం రెండు సాయంత్రాలు గడిచాయి. కిట్‌లో ఇచ్చిన గొట్టాలు అగ్గిపుల్లల్లా లావుగా ఉన్నాయి. వాటిని కోసేసి, రెక్క అంచున 0.3 మి.మీ. డ్రిల్‌తో చేత్తోనే నాలుగు రంధ్రాలు చేసి, ఇన్సులిన్ సూది ముక్కలు దూర్చాను. సూది కోసేటప్పుడు కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోండి, ముక్క ఎటు ఎగురుతుందో తెలియదు. నేను కడుతున్నది మొదటి సిరీస్ కాబట్టి నాలుగే గన్లు. అవి 7.92 మి.మీ. బ్రౌనింగ్‌లు, బెల్జియం నుంచి రావాలి. రుమేనియా 1939 డిసెంబరులో వంద విమానాలకు ఆర్డర్ ఇచ్చింది. అప్పటికే పోలండ్ లేదు. 1940 మేలో బెల్జియం, జూన్‌లో ఫ్రాన్స్ పడిపోయాయి. తోక, గన్లు, ఇంజిన్ ఏ దేశాల నుంచి వచ్చాయో ఆ మూడు దేశాలూ పది నెలల్లో జర్మనీ చేతికి పోయాయి. బెల్జియం గన్లు రావడం ఆగిపోయి విమానాల పని వెనకబడింది. తర్వాత 80ఎ రకంలో ఆరు గన్లు పెట్టగలిగారు. ఆ సూది ముక్కలు దూరుస్తున్నంత సేపూ, ఫ్యాక్టరీలో గన్ల కోసం ఎదురుచూసిన విమానాలే మనసులో ఉన్నాయి.

రంగులు: పైన ముదురు ఆకుపచ్చ, మట్టి గోధుమ. కింద లేత నీలం. ఇంజిన్ కవర్, బాడీ చుట్టూ పట్టీ, రెక్కల చివర్ల అడుగు పసుపు. తూర్పు రంగంలో జర్మనీ పక్షం విమానాలకు అది గుర్తింపు రంగు. పసుపును బూడిదరంగు ప్రైమర్ (అడుగు పూత) మీద నేరుగా కొడితే మురికిగా వస్తుంది. ముందు తెల్లరంగు రెండు పలుచటి పొరలు వేసి, దాని మీద పసుపు మూడు పొరలు వేశాను. ఎయిర్‌బ్రష్‌కు 0.3 మి.మీ. నాజిల్, గాలి ఒత్తిడి 15 పీఎస్ఐ. వానలు పడుతున్నాయి కాబట్టి ఒక్కో పొరకు మధ్య గంట కాదు, పూట ఆగాను.

అసలు టెన్షన్ డెకల్స్‌తో, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లతో వచ్చింది. 1941 నుంచి రుమేనియా విమానాల మీద రాజు మిహాయి పేరు మీదుగా ఒక శిలువ ఉండేది. నాలుగు ఎం అక్షరాలు కలిసినట్టుండే ఆకారం, పసుపు రంగు, నీలం అంచు. ఆ వేసవికి రాజు వయసు 19. కిట్ డెకల్‌లో పసుపు పలుచగా ఉండి, కింద ఆకుపచ్చ-గోధుమ గీత శిలువ మధ్యలోంచి కనిపించింది. తడి దూదితో తీసేశాను. తెల్ల డెకల్ కాగితాన్ని అదే ఆకారంలో, అంచు లోపలికి అర మి.మీ. తగ్గించి కోసి ముందు అంటించాను. ఒక రాత్రి ఆరాక కిట్ వాళ్లు ఇచ్చిన విడి సెట్‌లోది దాని మీద పెట్టాను. ఇప్పుడు పసుపు నిండుగా ఉంది. గ్లోస్ (మెరిసే) వార్నిష్ వేయకుండా డెకల్ పెట్టకండి, కింద గాలి చేరి వెండిలా మెరుస్తుంది.

ఈ శిలువ వేయాలా వద్దా అని చాలా ఆలోచించాను. 1944 ఆగస్టు 23న రాజు జర్మనీ పక్షాన ఉన్న నియంత ఆంటొనెస్కును తొలగించాక రుమేనియా పక్షం మారింది. శిలువలు పోయి ఎరుపు-పసుపు-నీలం వలయాలు తిరిగొచ్చాయి. నిన్నటిదాకా జర్మన్ల పక్కన ఎగిరిన పైలట్లు వాళ్ల మీదికే వెళ్లారు. వలయాలు వేస్తే చూడడానికి సులువుగా ఉండేది. కానీ నాలుగు గన్ల మొదటి సిరీస్ 1941 వేసవిది. ఆ వేసవి జూన్ 22న అది జర్మనీ పక్కనే యుద్ధానికి వెళ్లింది. దాన్ని దాచి మోడల్ కట్టడం నాకు సరికాదనిపించింది.

ఇంకా తోక కింది కడ్డీలు, యాంటెనా తీగ, మ్యాట్ వార్నిష్ మిగిలాయి. కడ్డీలకు 0.5 మి.మీ. ఇత్తడి తీగ తెచ్చిపెట్టాను. దీని తర్వాత రుమేనియా పైలట్ కాంటాకుజినో నడిపిన మెసర్‌ష్మిట్ 109 కడతాను. 1944 ఆగస్టు 27న ఆయన దాని బాడీలో అమెరికన్ అధికారి జేమ్స్ గన్‌ను ముడుచుకుని పడుకోబెట్టి ఇటలీకి ఎగిరిపోయాడు. పక్కన అమెరికా జెండా పెద్దగా గీయించాడు. ఆ జెండాకు మాస్క్ (రంగు పక్కకు పోకుండా అంటించే అడ్డు) కోయడం వచ్చే నెల మొదలుపెడతాను.