గడిలో అంకె వెయ్యాలట

ఆఫీసులో ఈ ఏడాది ఏం సాధిస్తామో రాసిచ్చే గోల్స్ ఫారం నింపడానికి రేపటితో గడువు ముగుస్తుంది. మా ఆయన రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చి "ఏదో ఒక నంబరు పడేసి పడుకో, ఎవరు చూడొచ్చారు" అనేసి వెళ్లారు. ఆయన సంగతి మీకు తెలిసిందే. ఆయన ఫారాలన్నీ అలాగే నిండుతాయి, రేటింగ్ మాత్రం నాకంటే బాగా వస్తుంది. ఆ మంట గురించి ఇంకోసారి రాస్తాను.

అసలు ఒళ్లు మండింది సాయంత్రం మీటింగులో. మాది చేంజ్ మేనేజ్‌మెంట్ టీమ్, అంటే ఆఫీసులో పద్ధతి మారేటప్పుడు సిబ్బందిని దానికి అలవాటు చేసే పని. మా అందరికీ కలిపి ఒకే గోల్ తయారుచేసి పెట్టారు: "గో-లైవ్ (కొత్త పద్ధతి అమల్లోకి వచ్చే రోజు) నాటికి 95 శాతం మందికి ట్రైనింగ్ పూర్తి." అంతే. మా ఏడాది కష్టమంతా ఆ ఒక్క ముక్కలో సర్దేశారు. వచ్చి కూర్చున్నవాళ్ల తలలు లెక్కపెట్టడమే పనైతే గుమ్మం దగ్గర హాజరు పట్టీ పెడితే చాలు కదా, జీతాలిచ్చి మమ్మల్ని పెట్టుకోవడం ఎందుకు? ట్రైనింగును కొలవడానికి కిర్క్‌ప్యాట్రిక్ అనే ఆయన 1959లోనే నాలుగు మెట్లు చెప్పాడు. వాళ్లకు నచ్చిందా, ఏమైనా నేర్చుకున్నారా, పనిలో ప్రవర్తన మారిందా, సంస్థకు ఫలితం వచ్చిందా అని. హాజరు అందులో ఒకటో మెట్టు కూడా కాదు. మెట్ల దాకా రాకముందు గేటు దగ్గరే ఆగిపోయాం మేము.

ఆ మీటింగు మొదలైంది కూడా మామూలు స్లైడుతోనే. "సంస్థలు తలపెట్టే మార్పుల్లో 70 శాతం విఫలమవుతాయి." ఈ 70 ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే ఎవరూ చెప్పరు. 1993లో హామర్, చాంపీ అనే ఇద్దరు రీఇంజనీరింగ్ (సంస్థ పని పద్ధతుల్ని మొదటినుంచీ తిరగరాయడం) గురించి రాస్తూ, ఆశించిన ఫలితం రానివి 50 నుంచి 70 శాతం అన్నారు. అది తమ అంచనాయే గానీ శాస్త్రీయమైన లెక్క కాదని వాళ్లే ఒప్పుకున్నారు. 2011లో మార్క్ హ్యూస్ ఈ 70ని వాడిన రచనలు తీసుకుని మూలాలు వెతికితే నమ్మదగ్గ ఆధారం ఏ ఒక్కదానికీ దొరకలేదు. అయినా ఆ అంకెకు రిటైర్మెంట్ లేదు. అలా ఆధారం లేని అంకెతో మొదలైన మీటింగు, "అందరూ కొలవగలిగే గోల్సే రాయాలి" అన్న ఆర్డరుతో ముగిసింది. నవ్వొచ్చింది గానీ కెమెరా ఆన్‌లో ఉంది.

ఫారం గురించి చెప్పలేదు కదూ. గడిలో మాటలు రాస్తే ఎర్రబడుతుంది. "కొత్త పద్ధతి మీద సిబ్బందికి ఉన్న భయం తగ్గించడం" అని రాశాను. గడి ఎర్రబడింది, కింద చిన్న అక్షరాలతో "అంకె నమోదు చేయండి" అని వచ్చింది. భయానికి అంకె ఎక్కణ్ణుంచి తేను? మనుషులతో పని మాది. ఒకరిని కూర్చోబెట్టి అరగంట వినడం ఏ గడిలో పడుతుంది? ఈ అంకెల పిచ్చి మా పనికి పనికిరాదని తేల్చి చెబుతూ మెయిల్ పెడదామని ల్యాప్‌టాప్ తెరిచాను. నిజానికి ఈ టపా కూడా ఆ ఊపులోనే మొదలుపెట్టాను.

మెయిల్‌లో ఉదాహరణ ఒకటి ఉంటే బాగుంటుందని పాత ఆఫీసులోని స్టోర్స్ సంగతి రాయబోయాను. అప్పట్లో సరుకు ఇష్యూ చేసే పని రిజిస్టర్ నుంచి సాఫ్ట్‌వేర్‌కి మార్చాం. ట్రైనింగుకి దాదాపు అందరూ వచ్చారు. డాష్‌బోర్డ్ అంతా పచ్చగా ఉంది. లాగిన్లు రోజూ పడుతున్నాయి, హెల్ప్‌డెస్క్‌కి ఫిర్యాదులు లేవు. మా బాస్ ఆ బొమ్మ తీసుకెళ్లి పైవాళ్లకి చూపించి చప్పట్లు కొట్టించుకున్నాడు.

నేను వేరే పని మీద స్టోర్స్‌కి వెళ్తే, కౌంటర్ వెనక పెద్దాయన పొడుగాటి రిజిస్టర్ తెరిచి రాసుకుంటున్నారు. గీతలు స్కేలుతో కొట్టి, సీరియల్ నంబరు ఎర్ర ఇంకుతో, సంతకం గడి చివర్లో, అంతా ఎప్పటిలాగే. పక్కన కంప్యూటర్ మీద ప్లాస్టిక్ కవరు కప్పి ఉంది. మరి లాగిన్లు ఎలా పడుతున్నాయని అడిగాను. సాయంత్రం కుర్రాడొకడు వచ్చి, రిజిస్టర్ ముందు పెట్టుకుని, అందరి ఐడీలతో ఒకరి తర్వాత ఒకరుగా లాగిన్ అయి, రోజంతటి ఎంట్రీలూ ఒక్క ఊపులో కొట్టేస్తాడట. పాస్‌వర్డులన్నీ రిజిస్టర్ అట్ట లోపలి వైపు పెన్సిలుతో రాసి ఉన్నాయి. చూపించారు కూడా, దాపరికం ఏమీ లేదు. ఫిర్యాదులు ఎందుకు లేవో కూడా తెలిసిపోయింది. వాడితే కదా ఫిర్యాదు చెయ్యడానికి!

"ఎందుకండీ ఇంత డబుల్ పని?" అన్నాను.

"లెక్క తేడా వస్తే కంప్యూటర్‌ని పిలిచి నిలబెడతారా అమ్మా, నన్నే కదా?" అన్నారు ఆయన. "పైగా నెలాఖరున మేనేజర్ గారు రిజిస్టరే తెమ్మంటారు."

అదీ సంగతి. మా సర్టిఫికెట్ పరీక్షకి కంఠతా పట్టిన అడ్కార్ (ADKAR) అనే సూత్రంలో, మనిషి మారడానికి ఐదు దశలుంటాయి. మార్పు ఎందుకో తెలియాలి, మారాలని ఉండాలి, ఎలాగో తెలియాలి, చేతనవ్వాలి, తర్వాత అది నిలబడాలి. పెద్దాయనకి మార్పు ఎందుకో తెలుసు. సాఫ్ట్‌వేర్ కూడా వచ్చు, నా ముందే కవరు తీసి చకచకా ఒక ఎంట్రీ కొట్టి చూపించారు. మారాలని మాత్రం లేదు, లేకపోవడానికి ఆయన దగ్గర కారణం ఉంది. ఆ కారణం పై అంతస్తులో ఏసీ గదిలో కూర్చుని ఉంది. మేమేమో కింద ఉన్నవాళ్లకి రీఫ్రెషర్ ట్రైనింగులు పెట్టుకుంటూ పోయాం.

ఇదంతా మెయిల్‌లో టైపు చేస్తూ చేస్తూ ఆగిపోయాను. ఎందుకంటే ఆ రోజు స్టోర్స్ నుంచి వచ్చాక నేను చేసిన మొదటి పని సిస్టమ్ నుంచి ఎంట్రీల టైము తీయించడం. ఇష్యూలన్నీ సాయంత్రం ఒక్క గంటలోనే పడుతున్నాయి. బాస్‌ని ఒప్పించింది పెద్దాయన మాటలు కావు, ఆ టైముల కాలమ్. కథ చెబితే "ఎవరో ఒకరు అలా ఉంటారులే" అన్నాడు. కాలమ్ చూపిస్తే నోరు మూశాడు. అంటే అంకె లేక కాదు. అంకె అక్కడే పడి ఉంది, ఎవరూ అడగలేదు. లాగిన్లు ఎన్ని అన్నదానికి బదులు, సరుకు చేతికిచ్చిన గంటలోపు ఎంట్రీ పడ్డవి ఎంత శాతం అని మొదటినుంచీ అడిగి ఉంటే చప్పట్ల మీటింగు జరిగేదే కాదు.

మెయిల్ డిలీట్ చేశాను.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. అప్పటి మా టీమ్‌లో ఒకమ్మాయికి అంకెల్లేని గోల్స్ ఉండేవి. "మార్పుకు తోడ్పడటం" లాంటివి. ఏడాది చివర ఆమెకి వచ్చిన మాట "విజిబిలిటీ తక్కువ". దానికి ఏమని వాదిస్తుంది? అంకె లేనిచోట బాస్ మూడ్ ఎలా ఉంటే అదే అంకె అయిపోతుంది.

అలాగని 95 శాతాన్ని క్షమించేశాననుకోకండి. స్మార్ట్ (SMART) గోల్స్ అని, గోల్‌కి ఉండాల్సిన ఐదు గుణాల మొదటి అక్షరాలతో ప్రతి హెచ్ఆర్ స్లైడులోనూ ఉండేదాన్ని 1981లో జార్జ్ డోరాన్ రాసినప్పుడు, మధ్యలో ఉన్న 'A' అక్షరానికి అర్థం 'అచీవబుల్' (సాధించగలిగేది) కాదు. ఫలానా పని ఎవరిదో అప్పగించి ఉండాలని దానికి అర్థం. ప్రతి లక్ష్యానికీ ఐదు గుణాలూ ఉండి తీరాలని లేదనీ, మధ్యస్థాయి స్టాఫ్ పనుల్లో కొన్నిటికి అంకె పెట్టబోవడం కుదరదనీ అదే వ్యాసంలో ఆయన రాశాడు. మా ఫారం తయారుచేసినవాళ్లు ఆ రెండు పేజీలు చదివి ఉంటే ఆ ఎర్ర రంగు ఉండేది కాదు. నాకు కావలసింది మాత్రం ఆ అప్పగింతే. స్టోర్స్‌లో రిజిస్టర్ ఆగాలంటే మేనేజర్ గారు దాన్ని అడగడం మానాలి. ఆయన మానకపోతే నా రేటింగ్ ఎందుకు తగ్గాలి?

కాబట్టి నా చేతిలో ఉన్నదీ, నా వాటా మాత్రమే ఉన్నదీ విడదీసి రాశాను. గో-లైవ్‌కి ఆరు వారాల ముందే ప్రతి విభాగంలో ఎవరికి ఏ పని మారుతుందో పట్టిక తయారై, ఆ విభాగం హెడ్ సంతకం పడాలి. ఇది పూర్తిగా నాది, దీనికి నన్ను నిలదీయొచ్చు. గో-లైవ్ అయిన 90 రోజులకి సమయానికి పడే ఎంట్రీలు 80 శాతానికి చేరాలి. ఇది నాదీ, విభాగం హెడ్‌దీ చెరిసగం, ఆయన ఫారంలోనూ ఇదే వాక్యం ఉండాలి. ఉండనివ్వరని తెలుసు, రాశాను. భయం గడి దగ్గర చాలాసేపు ఆగిపోయి, చివరికి ఒక్క ప్రశ్న పెట్టాను: "పాత పద్ధతికి వెళ్లిపోవచ్చంటే వెళ్తారా?" గో-లైవ్‌కి ముందోసారి, 30 రోజులకోసారి, 90 రోజులకోసారి, పేర్లు లేకుండా. వెళ్తామనేవాళ్లు సగానికి తగ్గాలి. అది భయాన్ని కొలుస్తుందో, విసుగునో చెప్పలేను. గడి మాత్రం తెల్లబడింది.

ఆ 80 గొప్పదో చిన్నదో తేలాలంటే ఇప్పుడు ఎంత ఉందో తెలియాలి. బేస్‌లైన్ లేకుండా టార్గెట్ రాయమనడం మా దగ్గర మామూలే. పాత సిస్టమ్ లాగ్ కావాలని ఐటీ వాళ్లకి ఫోన్ చేస్తే కొత్త పోర్టల్‌లో టికెట్ పెట్టమన్నారు. పోర్టల్ తెరుచుకోవట్లేదంటే, దానికీ టికెట్ పెట్టమన్నారు.