ఆందోళనను కాగితం మీద పెట్టడం నేర్చుకున్న ఏడాది: ఒక గ్రూప్-2 అభ్యర్థి అనుభవం

తోటి అభ్యర్థులందరికీ నమస్కారం. నేను గుంటూరు అరండల్‌పేటలోని ఒక హాస్టల్లో ఉంటూ గ్రూప్-2కు సిద్ధమవుతున్నాను. 2024 ఫిబ్రవరి 25న జరిగిన ప్రిలిమ్స్ గట్టెక్కి, 2025 ఫిబ్రవరి 23న మెయిన్స్ రాశాను. ఆ తర్వాత వచ్చిన జాబితాలో నా నంబరు లేదు. కాబట్టి ఏ పుస్తకాలు చదవాలి, రోజుకు ఎన్ని గంటలు కూర్చోవాలి అన్న సలహాలు నా నుంచి ఆశించవద్దు. ఆ రెండు పరీక్షల మధ్య గడిచిన ఏడాదిలో ఆందోళన నా చదువును, ఇంటివాళ్లతో నా మాటను ఎలా తినేసిందో, కాగ్నిటివ్ థెరపీ (మన ఆలోచనలను మనమే పరీక్షించి చూసుకునే మానసిక చికిత్స) పద్ధతులతో దానిని ఎంతవరకు అదుపులోకి తెచ్చుకోగలిగానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మెయిన్స్ తేదీ మొదట 2024 జూలై 28. అది 2025 జనవరి 5కు, అక్కడి నుంచి ఫిబ్రవరి 23కు మారింది. చదవడానికి అదనంగా సమయం దొరికిందని సంతోషించాల్సింది పోయి, తేదీ మారిన ప్రతిసారీ నేను రాత్రి ఒంటిగంట దాకా కళ్లు తెరుచుకుని పడుకునేదాన్ని. బ్రాడీపేటలోని రీడింగ్ రూములో పోలవరం ప్రాజెక్టు పేజీ తెరిచి, ఆ పేజీ తిప్పకుండానే గంట గడిపిన రోజులున్నాయి. ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి భయం, ఎత్తితే రెండు ముక్కల్లో పెట్టేయడం. "నీతో మాట్లాడాలంటే ముహూర్తం చూసుకోవాలా?" అని అమ్మ ఒకసారి అడిగింది. సెప్టెంబరులో కడుపునొప్పికి మందు రాయించుకోవడానికి వెళితే, పరీక్షలన్నీ చూసిన డాక్టరుగారు కడుపులో ఏమీ లేదని చెప్పి, ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపించారు. వారానికి ఒకసారి చొప్పున ఎనిమిది వారాలు వెళ్లాను.

ఆ సైకాలజిస్టు మొదటి రోజే కాగ్నిటివ్ థెరపీ ఎక్కడిదో చెప్పారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో దీనికి రూపమిచ్చారు. కుంగుబాటుతో వచ్చిన రోగులను గమనిస్తూ ఉండగా, ఒక సంఘటన జరగడానికీ దానివల్ల బాధ కలగడానికీ మధ్య ఒక ఆలోచన మెరుపులా వచ్చి పోతోందనీ, దాన్ని రోగి పరీక్షించకుండానే నిజమని తీసుకుంటున్నాడనీ ఆయన గుర్తించారు. వాటికి స్వయంచాలిత ఆలోచనలని పేరు పెట్టారు. ఆ ఆలోచనను పట్టుకుని, కాగితం మీద పెట్టి, సాక్ష్యం అడగడమే ఈ చికిత్సలో ప్రధానమైన పని. బెక్ తర్వాతి కాలంలో ఇదే సూత్రాన్ని భార్యాభర్తల తగాదాలకు కూడా అన్వయించారు. నాకు ఇంట్లోవాళ్లతో అక్కరకు వచ్చింది ఈ రెండో సంగతే.

నోటుపుస్తకంలో అడ్డంగా గీతలు గీసి గళ్లు చేసుకోవాలి. ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏం మెదిలింది, ఎలాంటి భావం ఎంత తీవ్రంగా కలిగింది, ఆ ఆలోచనకు అనుకూలమైన సాక్ష్యం ఏమిటి, వ్యతిరేకమైన సాక్ష్యం ఏమిటి, రెండూ చూశాక ఏమనిపిస్తోంది. భావానికి నూటికి ఇన్ని అని మార్కు వేయాలి. మొదటి గడిలో కెమెరాకు కనిపించేదే రాయాలని ఆవిడ పట్టుబట్టేవారు. "నాన్న చిరాగ్గా మాట్లాడారు" అని రాస్తే కొట్టించేవారు. నాన్న అన్న మాట ఏదో అదే రాయాలి. ఈ ఒక్క నియమం అలవాటు కావడానికి నాకు మూడు వారాలు పట్టింది.

ఆ పుస్తకంలో నాకు అన్నిటికంటే ఎక్కువగా నేర్పిన పేజీ నవంబరు నాటిది. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె, మిర్చి సాగు. ఆ రోజు నాన్న కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకు సంగతి చూసుకోవడానికి గుంటూరు వచ్చి, దారిలో హాస్టల్ గేటు దగ్గర ఆగారు. గోంగూర పచ్చడి పెట్టిన క్యారియర్ నా చేతికిచ్చి, "సరేమ్మా, వెళ్లొస్తా" అని రెండు నిమిషాల్లో వెళ్లిపోయారు. ఎప్పుడూ "ఎంతవరకు వచ్చింది చదువు?" అని అడిగే మనిషి ఆ రోజు పరీక్ష ఊసే ఎత్తలేదు. నేను రాసిన ఆలోచన ఇది: "నా మీద నమ్మకం పోయింది. ఇక డబ్బు పంపడం దండగ అనుకుంటున్నారు." సిగ్గుకు 80, భయానికి 70 మార్కులు వేశాను. అనుకూలమైన సాక్ష్యం గడిలో "పరీక్ష గురించి అడగలేదు" అన్న ఒక్క వాక్యం తప్ప మరేమీ రాయలేకపోయాను. వ్యతిరేకమైన గడిలో మాత్రం, ఆ నెల హాస్టల్ డబ్బు ఒకటో తేదీకే వచ్చింది, రెండు బస్సులు మారి క్యారియర్ తెచ్చారు అని చేయి దానంతటదే రాసుకుపోయింది.

ఎదుటివారి మనసులో ఏముందో మనకు తెలిసిపోయిందని అనుకోవడం ఆలోచనల్లో తరచూ కనిపించే పొరపాట్లలో ఒకటి. దానికి పరీక్ష ఒక్కటే, వెళ్లి అడగడం. అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. "నాన్నా, మొన్న ఏమీ అడక్కుండా వెళ్లిపోయావేంటి?" అన్నాను. "అడగలేదా? నాకు గుర్తే లేదమ్మా. ఆ పొద్దున రేటు విన్నాక బుర్ర పనిచేయలేదు. అరవై టిక్కీల (బస్తాల) మిర్చి కోల్డ్ స్టోరేజీలోనే ఉండిపోయింది కదా" అన్నారు. ఆ రెండు నిమిషాల్లో నాన్న మనసులో నా పరీక్ష అసలు లేనే లేదు. నాన్న బాధ నాకు కనిపించనూ లేదు. నాలుగు రోజుల పాటు ఆయన ముఖంలో నా సంగతే చదువుకుంటూ, ఆయనకు వచ్చిన కష్టాన్ని ఒక్కసారైనా అడగలేదు. ఆందోళన సంబంధాలను పాడుచేస్తుందంటే కోపతాపాల వల్లనే అనుకునేదాన్ని. పక్కనున్నవారి కష్టం మన కంటికి ఆనకుండా చేయడం అంతకంటే పెద్ద నష్టమని ఆ పేజీ చూశాకే తెలిసింది.

ఇక్కడ ఒక అపోహ గురించి కాస్త వివరంగా చెప్పాలి. చాలామంది దీన్ని "పాజిటివ్‌గా ఆలోచించు" అన్న ఉపదేశంగా అర్థం చేసుకుంటారు. అది కాదు. గళ్లు నింపాక ఆలోచన నిజమేనని తేలే సందర్భాలు ఉంటాయి. డిసెంబరులో "రెండో పేపర్లో దెబ్బతింటాను" అని రాసుకున్నాను. ఆ పేపర్లో ఆర్థిక వ్యవస్థకు 75 మార్కులు, శాస్త్ర సాంకేతిక రంగాలకు 75. సాక్ష్యం కోసం అంతకుముందు రాసిన మాక్ టెస్టులు తీసి చూస్తే, ఆర్థిక వ్యవస్థలో ఒక్కసారి కూడా 40 దాటలేదు. ప్రతి తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది కనుక నా ఊహాజవాబులు నన్నే ముంచుతున్నాయి. అంటే ఆ ఆలోచన సరైనదే. అలాంటప్పుడు ఆలోచనతో వాదించకూడదు, పని చేయాలి. ఉదయం మొదటి రెండు గంటలు ఆర్థిక వ్యవస్థకు మార్చాను. "దెబ్బతింటాను" అన్నది నిజానికి దగ్గరగా ఉన్నా, దాని వెనకే వచ్చే "కాబట్టి నేను దేనికీ పనికిరాను" అన్నదానికి మాత్రం ఏ మాక్ టెస్టులోనూ సాక్ష్యం దొరకలేదు. ఈ రెండింటినీ విడదీయడం చేతనైతే సగం బరువు దిగుతుంది.

రోజంతా వచ్చే చింతలకు వేరే ఉపాయం ఉంది. అమెరికా మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లో దీన్ని ప్రతిపాదించారు. రోజూ ఒకే సమయంలో, ఒకే చోట అరగంట చింతించడానికి కేటాయించి, మిగతా వేళల్లో చింత వస్తే దాన్ని గుర్తించి ఆ అరగంటకు వాయిదా వేయాలి. నేను సాయంత్రం ఆరు నుంచి ఆరున్నర దాకా హాస్టల్ డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కన కూర్చునేదాన్ని. పగలు వచ్చిన చింతను పుస్తకం చివరి పేజీలో ఒక్క మాటలో రాసుకుని వదిలేయడం మొదట్లో అసాధ్యమనిపించింది. రెండు వారాలకు కుదిరింది. ఆరు గంటలకు ఆ పేజీ తీస్తే, పదిగంటలకు ప్రాణం తీసిన మాటల్లో కొన్ని ఎందుకు రాశానో కూడా గుర్తొచ్చేది కాదు. మిగిలినవాటిని నేను చేయగలిగినవి, నా చేతిలో లేనివి అని విడదీసేదాన్ని. పరీక్ష తేదీ ఎప్పుడూ రెండో వరుసలోనే ఉండేది.

రూమ్‌మేటుతో వచ్చిన తగాదా కూడా ఇలాగే సర్దుకుంది. "నువ్వెప్పుడూ ఇంతే, ఫోన్లో అరుస్తూనే ఉంటావు" అనేదాన్ని. "నిన్న, మొన్న పదిన్నర దాటాక ఫోన్ మాట్లాడావు, నాకు నిద్ర పట్టలేదు" అన్న రోజున ఆమె వరండాలోకి వెళ్లి మాట్లాడుకోవడం మొదలుపెట్టింది.

వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా నోటుపుస్తకంతో సరిపెట్టుకోవద్దు. ఇది మీ అందరినీ వేడుకుని చెబుతున్న మాట. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రి, పగలు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఫిబ్రవరి 22 రాత్రి వరకూ పరీక్ష వాయిదా పడుతుందన్న ప్రచారం ఫోన్లలో తిరుగుతూనే ఉంది. నేను "నా చేతిలో లేనిది" అని ఒక పంక్తి రాసి, హాల్ టికెట్టు, పెన్నులు సంచిలో పెట్టుకుని పదింటికి పడుకున్నాను. నిద్ర పన్నెండు దాటాకే పట్టింది, అయినా పట్టింది.

ఏప్రిల్‌లో జాబితా చూసిన పూట "నాలుగేళ్లు బూడిదలో పోసిన పన్నీరు" అని రాశాను. బాధకు 95 వేశాను. మిగతా గళ్లు ఆ రోజు నింపలేదు. ముందు నాన్నకు నేనే ఫోన్ చేశాను. "ఏ పేపర్లో పోయిందమ్మా?" అని అడిగారు. ఏడాది క్రితం ఆ ప్రశ్న వింటే ఫోన్ పెట్టేసేదాన్ని. రెండో పేపర్లో, ఆర్థిక వ్యవస్థలో అని చెప్పాను. అందులో ఏం అడుగుతారన్నారు. మిర్చికి కేంద్రం ఆ ఫిబ్రవరిలో ప్రకటించిన ధర క్వింటాలుకు 11,781 రూపాయలు, అలాంటివి అన్నాను. ఆయన యార్డులో తాలు కాయకు ఎంత కోస్తారో, తేమ ఉంటే రేటు ఎలా తగ్గిస్తారో, టిక్కీకి కూలి, బస్తా ఖర్చు పోను చేతికి ఎంత వస్తుందో లెక్కకట్టి చెబుతూ పోయారు. నేను నోటుపుస్తకం తిప్పి, వెనక పేజీలో ఆ లెక్కంతా రాసుకున్నాను. ఫోన్ పెట్టేసరికి ఇరవై అయిదు నిమిషాలైంది.