మెదక్ చర్చి, అమ్మ గొలుసు

మెదక్ చర్చి చూపించమని అమ్మ ఏడాదిగా అడుగుతోంది. దూరమేం కాదు, హైదరాబాద్ నుంచి వంద కిలోమీటర్లు ఉంటుందేమో. తమ్ముడు కూడా వస్తాడనే వాయిదా వేస్తూ వచ్చాను.

తాగుడు ముదిరిన రోజుల్లో వాడు అమ్మ రెండు తులాల గొలుసు తాకట్టు పెట్టాడు. అప్పటినుంచి మా ఇద్దరి మధ్య ముక్తసరి మాటలే. ఏడాదిన్నరగా మందు ముట్టలేదట. పోయిన ఈస్టర్‌కి చర్చిలో అందరి ముందు నిలబడి, దేవుడు తనను మార్చాడని సాక్ష్యం కూడా చెప్పాడట. ఆ ఆదివారం నేను కావాలనే వెళ్లలేదు. సాక్ష్యం ఎవడైనా చెబుతాడు, మిత్తి ఎవడు కడతాడు అనుకునే రకాన్ని.

ఫిబ్రవరిలో ఒక శనివారం బాలానగర్‌లో బస్సెక్కాం. అమ్మ ఆధార్ చూపిస్తే కండక్టర్ సున్నా టికెట్ కొట్టాడు. మా ఇద్దరివీ తమ్ముడే తీశాడు. నర్సాపూర్ అడవి దాకా ఎవరం ఏమీ మాట్లాడలేదు. అక్కడ రోడ్డు పక్కన కోతుల్ని చూసి అమ్మే ఏదో అంది.

చర్చి ముందు నిలబడి గంట గోపురం చూడాలంటే మెడ వెనక్కి వాల్చాల్సిందే. ఎత్తు 175 అడుగులు. లోపల ఐదు వేల మంది పడతారట. నాకు మాత్రం కొలతలకన్నా ఇది లేచిన తీరే ముఖ్యం. కరువులో తిండి లేక అల్లాడుతున్న ఊళ్ల జనానికి చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ పని చూపించి అన్నం పెట్టాడు. ఆ పనే ఈ చర్చి. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాటికి పూర్తయింది.

"ఆకలితో ఉన్నోళ్లకు ఊరికే పెట్టొచ్చుగా, రాళ్లెందుకు మోయించడం?" అన్నాను. సండేస్కూల్ రోజులనుంచీ ఉన్న సందేహం.

"ఊరికే పెడితే తల దించుకొని తింటరన్నా," అన్నాడు తమ్ముడు. చాలా రోజులకు నా మాటకు వాడిచ్చిన జవాబు అది.

సిలువ దృశ్యమున్న రంగు అద్దాల కిటికీ దగ్గర అమ్మ మోకరించింది. ఆ అద్దాలకు వెలుగంతా బయటి ఎండదే. రాత్రి వస్తే ఏమీ కనబడదు. వాడు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి నాకిచ్చాడు. బండ్ల మెకానిక్ షెడ్డులో పని కదా, గోళ్ల సందుల్లో గ్రీజు ఎంత కడిగినా పోదు. కవరులో గోల్డ్ లోన్ రసీదులు. పద్దెనిమిది నెలలవి, వరసగా. ఒకదాని మీద నల్లటి వేలిముద్ర.

"ఇంకా పదకొండు వేలుంది."

ప్రసంగాల్లో విమోచన అన్న మాట ఎన్నిసార్లు విన్నానో. మా ఇంట్లో విడిపించడం అంటే మాత్రం తాకట్టు విడిపించడమే. నా ఫోన్‌లో అంత డబ్బుంది. ఇప్పుడే వేస్తానన్నాను. వాడు ఒప్పుకోలేదు.

"విమోచన అంటేనే ఇంకొకరు కట్టడం కదరా!" ఇక్కడ నెగ్గాననుకున్నాను.

"నా పాపానికి ఆయన కట్టిండు. అమ్మ గొలుసుకు నేనే కట్టాలె."

బైబిల్లో మేడిచెట్టు ఎక్కిన పన్నులవాడు జక్కయ్య గుర్తొచ్చాడు. యేసు తన ఇంటికొచ్చాక, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. ఆ కథ నాకు నోటికొచ్చు. మా వాడు దాన్ని నెలకోసారి కౌంటర్ దగ్గర క్యూలో నిలబడి చేస్తున్నాడు. ఆ క్యూ సంగతి నేను ఒక్కసారీ అడగలేదు.

అమ్మ లేచి మోకాళ్లు రుద్దుకుంటూ, "ఆకలైతుంది బిడ్డా," అంది. బయట చెట్టు కింద పులిహోర తిన్నాం. ఉప్పు తక్కువైంది, ఎవరం అనలేదు.

తిరుగు బస్సులో వాడిని కిటికీ పక్కన కూర్చోమన్నాను. చిన్నప్పుడు ఆ సీటు కోసమే కొట్టుకునేవాళ్లం. నర్సాపూర్ వస్తే లేపమని, నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.