సీఎస్ఐఆర్ నెట్ కెమిస్ట్రీ: ట్రాన్సిషన్ మెటల్స్ నేను చదివిన తీరు

నెట్ (రీసెర్చ్ ఫెలోషిప్‌కీ, లెక్చరర్ అర్హతకీ రాసే జాతీయ పరీక్ష) కెమికల్ సైన్సెస్ రాసేవాళ్లలో చాలామంది ఆర్గానిక్ మీద పడిపోయి, ఇనార్గానిక్‌ని చివరి నెలకి తోసేస్తారు. నాది ఉల్టా. ఎమ్మెస్సీ నుంచీ కోఆర్డినేషన్ కెమిస్ట్రీ (కోబాల్ట్ లాంటి ట్రాన్సిషన్ మెటల్ చుట్టూ లిగాండ్లు, అంటే ఇతర అణువులో అయాన్లో, చేరి ఏర్పడే కాంప్లెక్సుల సంగతి) అంటే ఇష్టం, ఇప్పుడు పీహెచ్‌డీ కూడా కోబాల్ట్ కాంప్లెక్సుల మీదే. అందుకే ఆ భాగం గురించే చెప్తాను.

పేపర్ సంగతి మీకు తెలిసిందే. పార్ట్-సిలో 60 ప్రశ్నలు ఇచ్చి 25 రాయమంటారు, ఒక్కోదానికి 4 మార్కులు, తప్పయితే 1 పోతుంది. అన్నీ రావాల్సిన పని లేదు, ఏరుకోవచ్చు. ఏరుకోవాలంటే ఒక్క ఏరియా అయినా గట్టిగా పట్టు ఉండాలి.

నేను ఫార్ములా పనిచేయని చోట ఎక్కువసేపు ఆగేవాణ్ణి. ఉదాహరణకి కోబాల్ట్ ప్లస్ 2 అయాన్, హై స్పిన్ (ఎలక్ట్రాన్లు వీలైనన్ని జతకాకుండా ఉండే స్థితి). జతకాని ఎలక్ట్రాన్లు మూడు, స్పిన్-ఓన్లీ లెక్క (ఎలక్ట్రాన్ స్పిన్‌ని మాత్రమే చూసే ఫార్ములా) ప్రకారం అయస్కాంత భ్రామకం 3.87 బోర్ మాగ్నెటాన్లు రావాలి. ఆక్టాహెడ్రల్‌లో (లోహం చుట్టూ ఆరు లిగాండ్లు ఉన్నప్పుడు) కొలిస్తే 4.7 నుంచి 5.2 దాకా వస్తుంది. గ్రౌండ్ టర్మ్ (అన్నిటికంటే తక్కువ శక్తి ఉన్న స్థితి) టీ రకం కాబట్టి, స్పిన్‌తో పాటు ఆర్బిటల్‌లో ఎలక్ట్రాన్ కదలిక వాటా కూడా కలుస్తుంది. ఈ ఒక్క 'ఎందుకు' పట్టుకుంటే టర్మ్ సింబల్స్ (ఎలక్ట్రాన్ స్థితులకి పెట్టే గుర్తులు), టనాబె-సుగానో డయాగ్రమ్‌లు (లిగాండ్ల ప్రభావంతో ఆ స్థితుల శక్తి ఎలా మారుతుందో చూపే గ్రాఫులు) వాటంతటవే లైన్లోకి వస్తాయి. డయాగ్రమ్‌లు బట్టీ పట్టడం మాత్రం శుద్ధ దండగ. 18 ఎలక్ట్రాన్ల లెక్కకి (లోహం చుట్టూ 18 వేలెన్స్ ఎలక్ట్రాన్లు ఉంటే కాంప్లెక్స్ స్థిరం అనే నియమం) ఇంత గొడవ లేదు, పాత పేపర్లు చేస్తే సరిపోతుంది.

జేఆర్ఎఫ్ (నెట్ ద్వారా వచ్చే రీసెర్చ్ ఫెలోషిప్) తర్వాత పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో అడిగిందీ ఇలాంటిదే: "కోబాల్ట్ క్లోరైడ్ నీళ్లలో గులాబీ రంగు, గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే ముదురు నీలం. ఎందుకు?" లిగాండ్ మారింది అని ఆగిపోతే వదలరు. ఆమ్లంలో కోబాల్ట్ చుట్టూ నాలుగు క్లోరైడ్‌లతో టెట్రాహెడ్రల్ అవుతుంది; అందులో సిమెట్రీ సెంటర్ లేదు, లపోర్ట్ నియమం (సిమెట్రీ సెంటర్ ఉంటే డి-ఆర్బిటల్స్ మధ్య మార్పులని అడ్డుకునే నియమం) సడలుతుంది, అందుకే రంగు అంత గాఢం. స్ప్లిటింగ్ (డి-ఆర్బిటల్స్ మధ్య శక్తి తేడా) కూడా తక్కువ, దాంతో శోషణ ఎరుపు వైపు జరిగి మన కంటికి నీలం కనిపిస్తుంది. ఇంతవరకు చెప్పాక, "మళ్లీ నీళ్లు పోస్తే?" అన్నారు. సమతాస్థితి వెనక్కి జరిగి గులాబీ వస్తుంది. టెన్షన్‌లో సులువైన ఈ ప్రశ్న దగ్గరే నోరు పెగలదు, జాగ్రత్త.

గైడ్‌కి మెయిల్ పెట్టేముందు వాళ్ల గ్రూపు పేపర్లు రెండు మూడు చదవండి. అయస్కాంత ధర్మాల మీద చేస్తున్నారా, కెటాలిసిస్ మీదా అన్నది చూసుకోండి. రెండూ ట్రాన్సిషన్ మెటల్సే అయినా ల్యాబ్‌లో మీ రోజు పూర్తిగా వేరుగా గడుస్తుంది.