తూనీగ కంటి మీద ఫోకస్: ఆరు నెలల నోట్స్

ఆరు నెలల కిందట పంచుకున్న మొదటి తూనీగ ఫొటోకి వచ్చిన స్పందనలన్నీ ఒకేలా ఉన్నాయి. "బాగుంది", "సూపర్", నాలుగు చప్పట్ల బొమ్మలు. సంతోషమేసింది. కానీ మర్నాడు పొద్దున్నే కెమెరా పట్టుకుని బయల్దేరితే, ముందురోజు చేసిందే మళ్లీ చేశాను. ఏం మార్చుకోవాలో తెలియలేదు. రెండో ఫొటోకి మాత్రం ఒకాయన ఒక్క వాక్యం రాశారు: "ఫోకస్ రెక్క మీద పడింది, కంటి మీద పడలేదు." ఫైల్ తెరిచి నూరు శాతం జూమ్ చేసి చూశాను. నిజమే. రెక్క ఈనెలు పెన్నుతో గీసినట్టున్నాయి, కన్ను మసకగా ఉంది. ఈ నోట్స్ ఆ రోజు మొదలుపెట్టాను.

నా దగ్గరున్నవి 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సి (మధ్యరకం సైజు సెన్సర్) కెమెరా, చిన్నవాటిని బాగా దగ్గరనుంచి తీసే 100 ఎంఎం మాక్రో లెన్స్, ఒక చిన్న ఫ్లాష్. ట్రైపాడ్ ఉంది గానీ, తడిగడ్డిలో దాన్ని సర్దేలోపే తూనీగ లేచిపోతుంది. అందుకని చాలావరకు చేత్తో పట్టుకునే తీస్తాను.

మొదటి రెండు నెలలూ ఫోకస్‌తోనే సరిపోయింది. పురుగు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరికి, అంటే 1:1కి వెళ్లి ఎఫ్/8 పెడితే (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం, అంటే అపెర్చర్, సన్నబడుతుంది), నా కెమెరాలో స్పష్టంగా వచ్చేది ముప్పావు మిల్లీమీటరు కూడా ఉండదు. మనం ఊపిరి పీల్చినా ఫోకస్ కంటి మీంచి జారిపోతుంది. స్పష్టంగా వచ్చే లోతు పెంచుదామని ఎఫ్/22 పెట్టాను. అప్పుడు ఫొటో మొత్తం మెత్తబడింది, ఎక్కడా పదును లేదు. అంత సన్నటి రంధ్రంలోంచి వచ్చేటప్పుడు వెలుతురు చెదురుతుంది. పైగా 1:1 దగ్గర లెన్స్ మీద కనిపించే అంకె దాదాపు రెట్టింపు అయినట్టు పనిచేస్తుంది, అంటే నేను నిజానికి ఎఫ్/44కి దగ్గరలో తీస్తున్నాను. ఈ సంగతి ఒకరు చెబితేనే తెలిసింది. ఊరికే నమ్మడం ఇష్టంలేక ఒక ఎండుటాకుని బల్ల మీద పెట్టి ఎఫ్/8, 11, 16, 22లలో తీసి పక్కపక్కన పెట్టుకున్నాను. 16 దగ్గరే తేడా తెలుస్తోంది, 22లో ఆకు ఈనెలు అలికినట్టయ్యాయి. అప్పటినుంచి ఎఫ్/11 దాటడం లేదు.

లోతు కోసం అపెర్చర్ మీద ఆధారపడటం కంటే మనం నిలబడే చోటు మార్చుకోవడం మేలు. తూనీగని ఏటవాలుగా తీస్తే తల ఒక్కటే ఫోకస్‌లో ఉంటుంది. సరిగ్గా పక్కకి వచ్చి, దాని ఒళ్లు కెమెరా వెనక భాగానికి సమాంతరంగా ఉండేలా చూసుకుంటే తల నుంచి తోక చివరిదాకా ఒకే తలంలోకి వస్తుంది. ఇది నేర్చుకున్నాక పనికొచ్చే ఫొటోలు బాగా పెరిగాయి.

ఇక టైమ్. తెల్లవారుజామున ఒళ్లు చల్లగా ఉంటుంది కాబట్టి తూనీగ కదలదు, మంచుబొట్లతో గడ్డిపోచని పట్టుకుని అలాగే ఉంటుంది. ఎండ తగిలాక రెక్కలు వణికించడం మొదలుపెడుతుంది. అది ఎగరడానికి ఒళ్లు వేడెక్కించుకోవడం. ఆ వణుకు కనిపించిందంటే ఇక మనకి మిగిలింది కొద్ది నిమిషాలే.

మూడో నెలలో ఒక వింత ఇబ్బంది వచ్చింది. నాకు చక్కగా కనిపిస్తున్న ఫొటోలు చూసి ముగ్గురు వేరువేరుగా "చీకటిగా ఉంది, రంగులు చచ్చిపోయాయి" అన్నారు. ముగ్గురూ ఒకే మాట అంటే లోపం నా దగ్గరే ఉండాలి. వెతికితే రెండు దొరికాయి. రాత్రి లైటు ఆర్పేసి, మానిటర్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచి ఎడిట్ చేస్తున్నాను. ఆ వెలుగులో అంతా ఎక్కువగా అనిపించి ఎక్స్‌పోజర్ తగ్గించేస్తున్నాను. ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్, అదే హిస్టోగ్రామ్, చూస్తే మొత్తం ఎడమవైపు, అంటే చీకటి వైపు కుప్పపడి ఉంది. రెండోది, ఫైల్ అడోబీ ఆర్‌జీబీ అనే ఎక్కువ రంగులు పట్టే పద్ధతిలో బయటికి వెళ్తోంది, ఆ రంగుల్ని ఎలా చూపాలో స్క్రీన్‌కి చెప్పే కలర్ ప్రొఫైల్ మధ్యలో ఎక్కడో పోతోంది. అలా అయితే అవతలివాళ్ల స్క్రీన్ మీద ఆకుపచ్చ పాలిపోయి కనిపిస్తుంది. ఇప్పుడు గదిలో లైటు వేసుకుని, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి ఎడిట్ చేస్తున్నాను. పంపేటప్పుడు మామూలు స్క్రీన్లు వాడే ఎస్‌ఆర్‌జీబీ రంగుల పద్ధతి, పొడుగు వైపు 2048 పిక్సెళ్లు, చిన్నది చేశాకే చివరి షార్పెనింగ్. తీసిన చోటు వివరాలు కూడా ఫైల్‌లోంచి తీసేస్తాను.

అడిగే పద్ధతి మార్చుకోవడం మాత్రం అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది. "ఎలా ఉంది?" అంటే "బాగుంది" అనే వస్తుంది, అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఇప్పుడు సెట్టింగ్స్ రాస్తాను, క్రాప్ ఎంత చేశానో చెబుతాను, ఒక్కటే ప్రశ్న అడుగుతాను. "వెనక ఉన్న పసుపు మచ్చ చూసేవాళ్ల చూపుని లాగేస్తోందా?" అని అడిగితే ఐదుగురు జవాబిచ్చారు, నలుగురు లాగేస్తోందన్నారు. తర్వాతిసారి అర అడుగు పక్కకి జరిగి, దూరంగా నీడలో ఉన్న ఆకులు వెనక్కి వచ్చేలా తీశాను. మచ్చ పోయింది.

ఇతరుల ఫొటోల గురించి రాయడం మొదట్లో టెన్షన్‌గా ఉండేది. నేనేం చెప్పగలను అనిపించేది. కానీ ఒక సాలెగూడు ఫొటో గురించి రాయాలని కూర్చుని పావుగంట చూస్తే, నా చూపు ప్రతిసారీ కుడివైపు అంచు దగ్గర సగం తెగిన ఆకు మీదికే వెళ్తోందని తెలిసింది. అదే రాశాను. తర్వాత నా పాత ఫొటోలు తెరిస్తే ఎన్నిట్లో అంచులు అలాగే తెగి ఉన్నాయో! ఇప్పుడు షట్టర్ నొక్కేముందు ఫ్రేమ్ నాలుగు మూలలూ ఒకసారి చూసుకోవడం అలవాటైంది.

ఫ్లాష్ సంగతి. షట్టర్ 1/200 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 200 పెట్టి, ఫ్లాష్ పవర్ తక్కువలో ఉంచితే దాని మెరుపు వెయ్యో వంతు సెకను కూడా ఉండదు కాబట్టి చేతి వణుకు కనిపించదు. కానీ నేరుగా కొడితే తూనీగ కంటి మీద గుండుసూది తలంత తెల్లటి చుక్క పడుతుంది, దాని చుట్టూ కంటి వివరమంతా పోతుంది. "వెలుతురుని వెడల్పు చెయ్యి" అని ఒకావిడ చెప్పారు. ప్యాకింగ్‌లో వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీట్‌ని వంచి లెన్స్ ముందుదాకా వచ్చేలా కట్టాను. ఆ చుక్క ఇప్పుడు మెత్తటి పాలమరకలా పరుచుకుంటోంది, దాని కింద కంటి గళ్లు ఒక్కొక్కటిగా కనిపిస్తున్నాయి. ఆ గళ్లు మొదటిసారి స్క్రీన్ మీద చూసినప్పుడు చాలాసేపు లేవలేదు.

ఫోకస్ స్టాకింగ్, అంటే ఫోకస్ కొద్దికొద్దిగా జరుపుతూ తీసిన ఫొటోల్ని ఒకటిగా కలపడం, ఇంకా కుదరలేదు. పోయిన వారం గాలి లేని పొద్దున 12 ఫ్రేములు తీసి కలిపాను. తల, రొమ్ము బాగా వచ్చాయి. ముందు కాలు మధ్యలో కదలడంతో రెండు కాళ్లయ్యాయి, రెక్క అంచు చుట్టూ తెల్లటి వలయం పడింది. కాలుని ఒకే ఫ్రేమ్‌లోంచి తీసుకుని చేత్తో సరిచేయగలిగాను. వలయం మాత్రం పోలేదు. ఫ్రేముల మధ్య జరిపే దూరం ఎక్కువైందా, కలిపే పద్ధతి మార్చాలా? 12 ఫ్రేముల్నీ పక్కపక్కన పెట్టి, రేపు అడగబోయే ప్రశ్న ఇదే.